మారుతున్న బంగాళాఖాతం – మానవ ఆరోగ్యం: కలరా, ఉప్పునీటి సమస్యల పరిశీలన

వ్యాససంగ్రహం:

సముద్రంలో జరిగే మార్పులు తీరంలోని మనుషుల శరీరాల దాకా ఏ మార్గాల్లో చేరుతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇందుకు బంగాళాఖాతం ఉత్తర తీరాన్ని, ముఖ్యంగా గంగా–బ్రహ్మపుత్ర డెల్టాను ఉదాహరణగా తీసుకోవడం జరిగింది. నీటి ఉష్ణోగ్రత, ప్లవకాలు, కలరా సూక్ష్మజీవి మధ్య సంబంధం మొదటి మార్గం. సముద్రజలం లోపలికి చొచ్చుకురావడం, తాగునీటిలో ఉప్పు పెరగడం, రక్తపోటు రెండవ మార్గం. తుఫానులు ఈ రెండింటినీ తీవ్రం చేస్తాయి. సముద్రం ప్రభావం ఎంతవరకు, మానవ నిర్లక్ష్యం ప్రభావం ఎంతవరకు అన్న విచక్షణ లేకుండా ఈ విషయాన్ని అర్థం చేసుకోలేమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగు తీరానికి ఈ పరిశీలన ఎంతవరకు వర్తిస్తుందో చివర చర్చిస్తుంది.

కీలకపదాలు: బంగాళాఖాతం, కలరా, ప్లవకాలు, లవణీయత, తాగునీరు, రక్తపోటు, తీరప్రాంత ఆరోగ్యం.

1. ప్రవేశిక:

భూగోళం వేడెక్కుతోందని చెప్పినప్పుడు సాధారణంగా గాలి వేడిని గురించే ఆలోచిస్తాం. కానీ వాతావరణంలో పోగవుతున్న హరితగృహ వాయువుల వల్ల భూమిపై నిలిచిపోతున్న అదనపు ఉష్ణంలో 90 శాతానికి పైగా సముద్రాలే గ్రహిస్తున్నాయి. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ధ్రువప్రాంతాల, పర్వతాల మంచు కరిగి ఆ నీటికి తోడవుతుంది. ఫలితంగా 1901 నుంచి 2018 మధ్యకాలంలో ప్రపంచ సగటు సముద్రమట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగింది.

ఈ అంకెలు చూడటానికి చిన్నవిగా, దూరమైనవిగా కనిపిస్తాయి. ఒక డిగ్రీ వేడికీ, ఒక జానెడు నీటికీ ఒక పల్లెలోని గర్భిణి రక్తపోటుతో సంబంధం ఏమిటన్న ప్రశ్న సహజం. ఆ సంబంధం నేరుగా కనిపించదు. మధ్యలో నదులు, సూక్ష్మజీవులు, చెరువులు, బావులు, బిందెలు ఉన్నాయి. ఈ మధ్యనున్న అంచెలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే తప్ప సముద్రానికీ ఆరోగ్యానికీ గల బంధం అర్థం కాదు.

ఈ పరిశీలనకు బంగాళాఖాతం తగిన క్షేత్రం. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ వంటి మహానదులు ఇందులోనే కలుస్తాయి. దీని తీరం పొడవునా పల్లపు డెల్టాలు, ఆ డెల్టాల్లో కోట్లాది జనాభా ఉన్నాయి. ప్రపంచాన్ని వణికించిన కలరా మహమ్మారికి పుట్టినిల్లుగా చరిత్రకెక్కింది కూడా ఈ తీరమే.

2. కలరా: పేర్లు, కారణాన్వేషణ:

కలరా తెలుగువారికి కొత్త రోగం కాదు. సంస్కృత వైద్యగ్రంథాలనుంచి వచ్చిన ‘విషూచి’, వ్యవహారంలోని ‘వాంతిభేది’, తెలంగాణ పలుకుబడిలోని ‘గత్తర’ అన్నీ ఈ రోగాన్ని సూచించే మాటలే. కోస్తా జిల్లాల్లో మరిడమ్మను కొలవడం వెనుక కూడా ఈ మారి భయం ఉంది. ఊరి పొలిమేరలో అమ్మవారిని నిలిపి శాంతింపజేయడమంటే, రోగం ఊరి బయటినుంచి వస్తుందన్న నమ్మకానికి ఆచారరూపం ఇవ్వడమే. ఆ బయట అన్నది ఎక్కడ అన్న ప్రశ్నకు జవాబు వెతకడానికే శాస్త్రానికి ఒకటిన్నర శతాబ్దం పట్టింది.

1817లో గంగా డెల్టాలోని జెస్సోర్ ప్రాంతంలో ప్రబలిన కలరా భారతదేశం దాటి ఆసియా అంతటా వ్యాపించింది. దీనిని మొదటి విశ్వవ్యాప్త కలరాగా లెక్కిస్తారు. 1854లో లండన్‌లో జాన్ స్నో రోగుల ఇళ్లను పటంపై గుర్తించి, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక పంపునీటితో రోగానికి గల సంబంధాన్ని చూపాడు. అదే ఏడాది ఇటలీలో ఫిలిప్పో పచీని రోగుల పేగుల్లో కామా ఆకారపు సూక్ష్మజీవులను గమనించాడు. 1884లో రాబర్ట్ కోచ్ కలకత్తాలో ఆ సూక్ష్మజీవిని వేరుచేయడమే కాక, రోగం ప్రబలిన చోటి చెరువునీటిలోనూ దాన్ని గుర్తించాడు.

ఆ సూక్ష్మజీవి ప్రాణం ఎలా తీస్తుందన్నది మరో డెబ్బై ఐదేళ్లపాటు తేలలేదు. 1959లో కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే బ్యాక్టీరియాను పూర్తిగా వడకట్టి తీసేసిన ద్రవం కూడా కుందేలు పేగులో నీటిని ఊరించగలదని ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. అంటే చంపేది సూక్ష్మజీవి విడిచే విషపదార్థమని అర్థం. ఆ విషం పేగు గోడలోని కణాలచేత లవణాలను, వాటివెంట నీటిని ఎడతెగకుండా బయటికి పంపిస్తుంది. సకాలంలో నీరు, లవణాలు అందకపోతే ఆరోగ్యవంతుడైన మనిషి కూడా కొద్ది గంటల్లోనే మరణించవచ్చు.

ఇంతవరకు జరిగిన పరిశోధన అంతా ఒక అవగాహనపై నిలిచింది. రోగి మలం నీటిలో కలుస్తుంది, ఆ నీరు మరొకరు తాగుతారు, రోగం సాగుతుంది. ఇది నిజమే. కానీ రోగులెవరూ లేని నెలల్లో సూక్ష్మజీవి ఎక్కడ ఉంటోందన్న ప్రశ్నకు ఇందులో సమాధానం లేదు. ఏటా ఒకే ఋతువులో, దూరదూరంగా ఉన్న పల్లెల్లో ఒకేసారి రోగం ఎందుకు తలెత్తుతుందన్నదానికీ సమాధానం లేదు.

3. సముద్రంలో సూక్ష్మజీవి జీవనం:

ఈ ప్రశ్నకు సమాధానం సముద్రజీవశాస్త్రంనుంచి వచ్చింది. అమెరికా శాస్త్రవేత్త రీటా కాల్వెల్, ఆమె సహచరులు 1970లలో చెసపీక్ అఖాతంలో కలరా సూక్ష్మజీవిని కనుగొన్నారు. ఆ పరిసరాల్లో అప్పుడు కలరా రోగం లేదు. అంటే ఆ సూక్ష్మజీవి మనిషి పేగునుంచి నీటిలోకి వచ్చి చేరిన అతిథి కాదు. నదినీరు, ఉప్పునీరు కలిసే చోట్ల సహజంగా నివసించే జలచరమే. మంచినీటికన్నా ఎక్కువగా, నడిసముద్రంకన్నా తక్కువగా ఉప్పున్న నీరు దానికి అనుకూలం. సముద్రజలంలో కిలోకు సుమారు 35 గ్రాముల లవణాలుండగా, చెసపీక్ పరిశీలనల్లో ఈ సూక్ష్మజీవి 2నుంచి 14 గ్రాముల లవణీయత ఉన్న గోరువెచ్చని నీటిలో ఎక్కువగా కనిపించింది.

దాని నివాసం కేవలం నీరు కాదు. నీటిలో తేలియాడే అతి చిన్న జీవరాశిని ప్లవకాలంటారు. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసుకునేవి వృక్షప్లవకాలు. వాటిని తినేవి జంతుప్లవకాలు. జంతుప్లవకాల్లో కోపెపాడ్‌లనే సూక్ష్మమైన కవచజీవులు ముఖ్యమైనవి. వీటి పైపెంకు కైటిన్‌తో తయారవుతుంది. రొయ్య, పీత పెంకుల్లో ఉండేదీ ఇదే. కలరా సూక్ష్మజీవి ఈ పెంకును పట్టుకుని, దానినే ఆహారంగా చేసుకుని వృద్ధి చెందుతుంది. ఒక్క కోపెపాడ్‌పై పదివేల దాకా సూక్ష్మజీవులు ఉండవచ్చు. కలరా సోకడానికి పెద్దసంఖ్యలో సూక్ష్మజీవులు కడుపులోకి పోవాలి. వేల సంఖ్యలో గుంపుకట్టిన కోపెపాడ్‌లు తాగేనీటిలో కొద్దిగా ఉన్నా ఆ మోతాదు సమకూరుతుంది.

పరిస్థితులు అనుకూలించనప్పుడు ఇది ముడుచుకుని ఒకరకమైన సుప్తావస్థలోకి వెళ్తుంది. అప్పుడు ప్రయోగశాలలో పెంచుదామన్నా పెరగదు, కానీ చావదు. ఈ స్థితిని కాల్వెల్ బృందం 1980లలో వివరించింది. నీటిని పరీక్షించి ‘సూక్ష్మజీవులు లేవు’ అని తేల్చిన చోటనే నెలల తర్వాత రోగం పుట్టడం వెనుక ఉన్న రహస్యం ఇదే.

మరొక విషయం కూడా గమనించదగింది. సహజంగా నీటిలో బతికే సూక్ష్మజీవుల్లో చాలావాటికి విషం తయారుచేసే శక్తి లేదు. ఆ విషానికి సంబంధించిన జన్యువులను ఒక వైరస్ మోసుకువచ్చి సూక్ష్మజీవిలో చేరుస్తుందని 1996లో వాల్డోర్, మెకలనోస్ నిరూపించారు. కైటిన్‌పై పెరిగేటప్పుడు ఈ సూక్ష్మజీవి చుట్టుపక్కల నీటిలోని జన్యుపదార్థాన్ని స్వీకరించగలదని 2005లో తేలింది. అంటే ప్లవకాల సమూహం సూక్ష్మజీవికి ఇల్లు మాత్రమే కాదు, కొత్త శక్తులు సంపాదించుకునే చోటు కూడా.

ఇది కేవలం సిద్ధాంతం కాదు. ఈ సూక్ష్మజీవిలో రెండువందలకు పైగా రకాలున్నా, దీర్ఘకాలం మహమ్మారికి కారణమైనది ఓ1 అనే రకం ఒక్కటే. 1992 చివర మద్రాసులో ఓ139 అనే సరికొత్త రకం బయటపడింది. పాత రకంపై రోగనిరోధకశక్తి సంపాదించుకున్న పెద్దవారు కూడా దీనికి లొంగిపోయారు. కొద్ది నెలల్లోనే అది బంగాళాఖాతం తీరం వెంబడి కలకత్తాకు, బంగ్లాదేశ్‌కు పాకింది. అందుకే శాస్త్రవేత్తలు దానికి ‘బెంగాల్’ అని పేరుపెట్టారు.

4. ఉష్ణోగ్రత, ప్లవకాలు, ఋతువులు:

కలరా సూక్ష్మజీవి ప్లవకాలపై ఆధారపడినదైతే, ప్లవకాలు పెరిగే పరిస్థితులను గమనించి రోగాన్ని ముందే పసిగట్టవచ్చన్న ఆలోచన సహజంగా వచ్చింది. సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, మట్టం ఉపగ్రహాల ద్వారా తెలుసుకోవచ్చు. 2000లో ప్రచురితమైన ఒక పరిశోధన బంగాళాఖాతపు ఈ ఉపగ్రహ సమాచారాన్ని బంగ్లాదేశ్ కలరా రోగుల లెక్కలతో పోల్చి, రెండింటి హెచ్చుతగ్గులకు సంబంధం ఉందని చూపింది. అదే ఏడాది మెర్సిడెస్ పాస్కువల్ బృందం, దూరాన పసిఫిక్ మహాసముద్రంలో వచ్చే ఎల్‌నినో మార్పులకూ ఢాకా కలరాకూ సంబంధం ఉందని తేల్చింది. ఆ తర్వాత 2002లో జరిగిన మరో అధ్యయనం 1893–1940 నాటి పాత లెక్కలను 1980–2001 నాటివాటితో పోల్చింది. పాతకాలంలో బలహీనంగా ఉన్న ఈ సంబంధం ఇటీవలి కాలంలో బలపడిందని అది చెప్పింది.

గంగా డెల్టాలో కలరా ఏడాదికి రెండుసార్లు విజృంభిస్తుంది. వర్షాకాలానికి ముందు ఒకసారి, వర్షాలు తగ్గాక ఒకసారి. ఈ రెండింటికీ కారణాలు వేరు. వేసవిలో నదుల్లో నీరు తగ్గినప్పుడు సముద్రపు నీరు పాయల వెంట లోపలికి ఎగబాకుతుంది. ఆ నీటితోపాటు ప్లవకాలూ వస్తాయి. తీరగ్రామాల్లో రోగం ముందుగా మొదలవుతుంది. వర్షాకాలం చివర వరదలు మురుగునూ మంచినీటినీ కలిపివేస్తాయి. అప్పుడు రోగం లోతట్టు ప్రాంతాల్లో, నగరాల్లో పెరుగుతుంది. మొదటి విజృంభణ సముద్రం తెచ్చేది, రెండవది వరద పంచేది.

ఇక్కడొక చిక్కుప్రశ్న ఉంది. నడిసముద్రంలో నీరు వేడెక్కితే అడుగునుంచి పోషకాలు పైకి రావడం తగ్గి, ప్లవకాలు సాధారణంగా తగ్గుతాయి. మరి బంగాళాఖాతం ఉత్తరాన వేడితోపాటు ప్లవకాలు ఎందుకు పెరుగుతున్నాయి? ఇందుకు జవాబు నదుల్లో ఉంది. ఇక్కడ పోషకాలు సముద్రపు అడుగునుంచి కాక, గంగా బ్రహ్మపుత్రలు తెచ్చే ఒండ్రునీటినుంచి అందుతాయి. అందువల్ల నడిసముద్రానికి వర్తించే సూత్రాన్ని ఈ తీరానికి యథాతథంగా వర్తింపజేయడం సరికాదు. ప్రతి తీరానికీ దాని నదులను, దాని ఋతువులను అనుసరించి ప్రత్యేక అధ్యయనం కావాలి.

5. సముద్రమే కారణమా?

సముద్రానికీ రోగానికీ సంబంధం స్పష్టమయ్యాక, ప్రతి కలరాకూ సముద్రాన్నే, వాతావరణాన్నే కారణంగా చూపే ధోరణి కూడా తలెత్తింది. దీని పరిమితిని హైతీ అనుభవం తెలియజేస్తుంది. 2010 జనవరిలో ఆ దేశాన్ని భూకంపం కుదిపివేసింది. అక్టోబరులో కలరా మొదలైంది. సముద్రజలాల వేడి, నదీముఖ పరిస్థితులు ఇందుకు కారణమన్న వాదన మొదట వినిపించింది. కానీ రోగుల సూక్ష్మజీవుల జన్యువులను పరిశీలించినప్పుడు అవి అప్పటి నేపాల్ సూక్ష్మజీవులతో సరిపోయాయి. ఐక్యరాజ్యసమితి శాంతిసేన శిబిరంనుంచి మురుగునీరు ఆర్టిబోనైట్ నదీ వ్యవస్థలో కలవడం వల్ల రోగం వ్యాపించింది. 8 లక్షల మందికి పైగా వ్యాధిగ్రస్తులు కాగా, దాదాపు పదివేలమంది చనిపోయారు. 2016లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి హైతీ ప్రజలకు క్షమాపణ చెప్పాడు.

ప్రపంచవ్యాప్తంగా సేకరించిన సూక్ష్మజీవుల జన్యువులను పోల్చిన 2011 నాటి పరిశోధన కూడా ఇదే దిశను సూచించింది. 1961లో ఇండోనేషియాలో మొదలై నేటికీ సాగుతున్న ఏడవ విశ్వవ్యాప్త కలరా, బంగాళాఖాత ప్రాంతంనుంచి మూడు అలలుగా ఇతర ఖండాలకు వ్యాపించిందని అది తేల్చింది. ఆ అలలు సముద్రపు అలలు కావు. మనుషుల ప్రయాణాలు.

ఈ రెండు వాదాలూ పరస్పరం ఖండించుకునేవిగా కనిపించినా, నిజానికి ఒకదానికొకటి పూరకాలు. బంగాళాఖాతం ఉత్తర తీరంలో సూక్ష్మజీవికి శాశ్వత నివాసం ఉంది, అక్కడ సముద్రపు మార్పు రోగపు ఋతువును నిర్ణయిస్తుంది. ఇతర చోట్లకు దానిని మనిషే మోసుకుపోతాడు. రెండు సందర్భాల్లోనూ రోగం నిలదొక్కుకునేది మంచినీరు, మరుగుదొడ్లు లేని చోటనే. సముద్రం వేడెక్కడాన్ని కారణంగా చూపి నీటిసరఫరా బాధ్యతనుంచి తప్పుకోవడానికి ఈ శాస్త్రం ఆస్కారమివ్వదు.

6. ఉప్పు: రోగానికి మరో దారి:

సముద్రం లోపలికి వచ్చినప్పుడు సూక్ష్మజీవులు మాత్రమే కాక ఉప్పు కూడా వస్తుంది. కలరాలాగా ఇది గంటల్లో చంపదు. ఏళ్లతరబడి నిశ్శబ్దంగా పనిచేస్తుంది. అందుకే దీనిపై దృష్టి ఆలస్యంగా పడింది.

బంగ్లాదేశ్ నైరుతి తీరంలో ఖుల్నా జిల్లాలోని డాకోప్ ప్రాంతం ఇందుకు నిదర్శనం. అక్కడి ప్రజలు చెరువులు, నదులు, గొట్టపుబావుల నీటిపై ఆధారపడతారు. ఎండాకాలం వచ్చేసరికి ఇవన్నీ ఉప్పుబారుతాయి. గర్భిణులలో రక్తపోటు ఎక్కువగా ఉందని గమనించిన పరిశోధకులు తాగునీటిని, స్త్రీల ఆరోగ్యాన్ని కలిపి పరిశీలించారు. 2011లో ప్రచురితమైన వారి ఫలితాల ప్రకారం, ఎండాకాలంలో ఒక మనిషికి తాగునీటిద్వారానే రోజుకు 5నుంచి 16 గ్రాముల సోడియం అందుతోంది. వర్షాకాలంలో ఇది 0.6నుంచి 1.2 గ్రాములు మాత్రమే. ఆహారం, నీరు అన్నింటిద్వారా కలిపి రోజుకు 2 గ్రాములకు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. అక్కడి ఆసుపత్రిలో చూపించుకున్న గర్భిణుల్లో ఎండాకాలంలో 12.2 శాతం మందికి, వర్షాకాలంలో 5.1 శాతం మందికి అధిక రక్తపోటు ఉన్నట్లు తేలింది.

గర్భవతికి రక్తపోటు పెరిగితే తెలుగునాట గుర్రపువాతంగా పిలిచే మూర్ఛలకు దారితీయవచ్చు. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కలగవచ్చు. కూరలో ఉప్పు తగ్గించుకోమని వైద్యుడు చెప్పగలడు. కానీ నీటిలోనే ఉప్పున్నప్పుడు ఆ సలహా పాటించే వీలు రోగికి లేదు. మంచినీటికోసం మైళ్లకొద్దీ నడిచేదీ ఎక్కువగా స్త్రీలే. కాబట్టి ఉప్పునీటి భారం రెండు విధాలుగా వారిమీదే పడుతోంది.

ఈ విషయంలో శాస్త్రం ఏకవాక్యంగా లేదని కూడా చెప్పాలి. అదే తీరంలో తర్వాత జరిగిన కొన్ని అధ్యయనాల్లో, స్వల్పంగా ఉప్పున్న నీరు తాగేవారిలో రక్తపోటు కొంత తక్కువగా కనిపించింది. ఆ నీటిలో సోడియంతోపాటు ఉన్న కాల్షియం, మెగ్నీషియం ఇందుకు కారణం కావచ్చునని పరిశోధకులు భావించారు. అంటే ‘ఉప్పునీరు’ అన్న ఒక్కమాట చాలదు. ఏ లవణం, ఎంత మోతాదులో, ఎంతకాలం అన్నవి తేల్చాకే నిర్ణయానికి రావాలి.

ఉప్పుబారడానికి సముద్రమట్టం పెరగడం ఒక్కటే కారణం కాదు. ఎగువన ఆనకట్టల వల్ల ఎండాకాలపు ప్రవాహం తగ్గడం, భూగర్భజలాన్ని అతిగా తోడటం, పొలాల్లోకి ఉప్పునీటిని మళ్లించి రొయ్యలు పెంచడం కూడా ఇందుకు తోడయ్యాయి. గంగానదిపై 1975లో ఫరక్కా ఆనకట్ట ప్రారంభమయ్యాక దిగువ పాయలకు వేసవి ప్రవాహం తగ్గిందన్నది దీర్ఘకాలంగా చర్చలో ఉన్న విషయం. నది వెనక్కి తగ్గిన మేరకు సముద్రం ముందుకు వస్తుంది.

7. తుఫానులు:

వేడెక్కిన సముద్రం తుఫానులకు శక్తినిస్తుంది. తుఫానుతో వచ్చే ఉప్పెన ఒక్కరాత్రిలో ఊరి మంచినీటి చెరువును ఉప్పునీటి మడుగుగా మార్చివేస్తుంది. మరుగుదొడ్లు, మురుగుకాలువలు, పశువుల కళేబరాలు అన్నీ అదే నీటిలో కలుస్తాయి. 1999 ఒడిశా మహాతుఫాను తర్వాతా, 2009లో సుందరవనాలను ముంచెత్తిన ఐలా తుఫాను తర్వాతా ఆయా ప్రాంతాల్లో కలరా సూక్ష్మజీవుల వల్ల అతిసారం ప్రబలినట్లు పరిశోధకులు నమోదు చేశారు. తుఫాను మృతుల లెక్క కొద్దిరోజుల్లో ముగుస్తుంది. అది తెచ్చిన నీటికష్టం లెక్క నెలలు, ఒక్కోసారి ఏళ్లు సాగుతుంది.

8. నివారణోపాయాలు:

కలరాపై పోరాటంలో గొప్ప విజయాలు చవకైన ఉపాయాలతోనే లభించాయి. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగినప్పుడు సెలైన్ సీసాలు చాలలేదు. వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీటిని రోగుల బంధువులచేతనే తాగించే ఏర్పాటు చేశాడు. మరణాలు సుమారు 30 శాతంనుంచి 4 శాతంలోపుకు తగ్గాయి. పేగు నీటిని విడిచిపెడుతున్నా, గ్లూకోజ్ తోడైతే సోడియాన్ని, దానివెంట నీటిని పీల్చుకోగలదన్న సూత్రమే దీనికి మూలం. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

రెండవ ఉపాయం సముద్రజీవశాస్త్రం ఇచ్చినది. సూక్ష్మజీవి ఒంటరిగా ఉంటే గుడ్డతో వడకట్టలేం. కానీ కోపెపాడ్‌ను అంటిపెట్టుకుని ఉంటే ఆ కోపెపాడ్‌ను వడకట్టవచ్చు. పాత నేతచీరను నాలుగు మడతలు వేస్తే దాని రంధ్రాలు మిల్లీమీటరులో యాభయ్యోవంతుకు కుదించుకుపోతాయి. పలుమార్లు ఉతికిన గుడ్డలో పోగులు విచ్చుకుని రంధ్రాలను పూడ్చడంవల్ల కొత్త గుడ్డకన్నా పాతదే మేలు. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో 65 గ్రామాల్లో జరిపిన ఈ ప్రయోగ ఫలితాలు 2003లో వెలువడ్డాయి. చీరతో నీరు వడకట్టుకున్న చోట కలరా 48 శాతం తగ్గింది. కొన్నేళ్ల తర్వాత మళ్లీ పరిశీలించినప్పుడు, ఎవరూ చెప్పకపోయినా సుమారు మూడోవంతు స్త్రీలు నీటిని వడకట్టుకుంటూనే ఉన్నారు. ఇది శుద్ధమైన కుళాయినీటికి ప్రత్యామ్నాయం కాదు. అది వచ్చేదాకా ప్రాణం నిలిపే ఉపాయం మాత్రమే.

మూడవది ముందస్తు హెచ్చరిక. ఉష్ణోగ్రత, వర్షపాతం, ప్లవకాల సమాచారంతో ప్రమాదమున్న ప్రాంతాలను కొన్ని వారాల ముందే గుర్తించే నమూనాలను 2018లో యెమెన్‌లో సహాయసంస్థలు వినియోగించాయి. ఉప్పునీటి విషయంలో వాననీటి నిల్వ, ఇసుక వడపోత, వర్షాకాలపు మంచినీటిని భూగర్భంలోకి ఇంకించి వేసవిలో తోడుకోవడం వంటి పద్ధతులు అమలులో ఉన్నాయి. చెరువును, వాననీటిని ఆశ్రయించినప్పుడు ఉప్పు తగ్గినా సూక్ష్మజీవుల భయం ఉంటుంది. ఒక రోగాన్ని తప్పించబోయి మరొకదాన్ని పిలవకుండా రెండింటినీ కలిపి పరీక్షించాలి.

9. తెలుగు తీరానికి వర్తింపు:

గంగా డెల్టా ఫలితాలను కృష్ణా, గోదావరి డెల్టాలకు యథాతథంగా అన్వయించడం శాస్త్రీయం కాదు. ఇక్కడి నదుల పరిమాణం, కాలువల వ్యవస్థ, నీటిసరఫరా వేరు. కానీ పోలికలు విస్మరించదగినవి కావు. 1977 నవంబరు 19నాటి దివిసీమ ఉప్పెన వేలాదిమందిని బలిగొన్నది. తీరగ్రామాల్లో భూగర్భజలం ఉప్పగా ఉండటంవల్ల కాలువలు కట్టేసేలోగా చెరువులు నింపుకుని వేసవంతా ఆ నీటిమీదే గడపడం ఇక్కడి అనుభవం. రొయ్యల చెరువుల విస్తరణ తీరగ్రామాల నీటిసమస్యను మరింత జటిలం చేసింది.

ఈ పరిస్థితిలో మూడు రకాల సమాచారం ఒకచోట చేరవలసి ఉంది. మొదటిది, మంచినీటి చెరువుల, బావుల లవణీయతను నెలవారీగా కొలిచిన లెక్క. రెండవది, ప్రాథమిక ఆరోగ్యకేంద్రాల్లో గర్భిణుల రక్తపోటు, అతిసార కేసుల లెక్క. మూడవది, సముద్ర ఉష్ణోగ్రత, ప్లవకాల సమాచారం. మూడవదానికి హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవాకేంద్రం సముద్రపు స్థితిగతులను నిత్యం వెలువరిస్తోంది. మత్స్యకారులకు చేపలు దొరికే తావులను సూచించడానికి అది ఉపయోగించే ఆధారాలు కూడా ఉపరితల ఉష్ణోగ్రత, వృక్షప్లవకాల పచ్చదనమే. చేపల జాడ చెప్పే సమాచారాన్ని రోగపు జాడ తెలుసుకోవడానికీ పరీక్షించి చూడవచ్చు.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలను ఇలా క్రోడీకరించవచ్చు.

• కలరా సూక్ష్మజీవికి నదీముఖాలు, ప్లవకాలు సహజ నివాసాలు. మశూచికానికి మనిషి తప్ప వేరే ఆశ్రయం లేదు కనుక దాన్ని నిర్మూలించగలిగారు. కలరా విషయంలో అది సాధ్యం కాదు. అదుపులో ఉంచడం మాత్రమే సాధ్యం.

• బంగాళాఖాతం ఉత్తర తీరంలో సముద్రపు వేడి, లవణీయత, నదీప్రవాహం రోగపు కాలాన్ని, చోటును ప్రభావితం చేస్తున్నాయి. ఇతర ప్రాంతాలకు రోగం చేరడంలో మనిషి పాత్రే ప్రధానం.

• ఉప్పునీటి ప్రభావం గర్భిణులపై ఎక్కువ. అయితే నీటిలోని లవణాల స్వభావాన్నిబట్టి ఫలితాలు మారుతున్నందున స్థానిక అధ్యయనాలు అవసరం.

• నోటిద్వారా ఇచ్చే లవణద్రావణం, చీరమడత వడపోత వంటి సులభమైన ఉపాయాలు ప్రాణాలు కాపాడాయి. సురక్షితమైన తాగునీరు, పారిశుద్ధ్యం మాత్రమే శాశ్వత పరిష్కారాలు.

సముద్రం ఎంత వేడెక్కుతుందన్నది ఒక పల్లె చేతిలో గాని, ఒక జిల్లా చేతిలో గాని లేదు. ఆ సముద్రానికీ ఇంట్లోని బిందెకూ మధ్య ఏముండాలన్నది మాత్రం పాలకుల, సమాజం చేతుల్లోనే ఉంది. పొలిమేర దాటి రోగం రాకుండా చూడమని పూర్వులు అమ్మవారిని వేడుకున్నారు. ఆ పొలిమేరను నేడు నీటిపరీక్ష, వడపోత, పారిశుద్ధ్యం అనే మూడు కంచెలతో కాపాడుకోవలసి ఉంది.